జెజూ దీవిలో ఎదురుగాలితో ఒక పగలు, టెంట్‌లో ఒక రాత్రి

మొన్న అక్టోబర్ 25, శనివారం, దక్షిణ కొరియాలోని జెజూ దీవిలో 29 కిలోమీటర్లు సైకిలు తొక్కడానికి నాకు దాదాపు తొమ్మిది గంటలు పట్టింది. ముందు రోజు అదే సైకిలు మీద, అదే సామానుతో 64 కిలోమీటర్లు తొక్కి సాయంత్రం ఐదు కాకముందే దిగిపోయాను. అందుకే శుక్రవారం రాత్రి "రేపటిది సగం రోజు పనే" అనుకుని హాయిగా నిద్రపోయాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో, ఆ తర్వాత టెంట్‌లో రాత్రి ఎలా గడిచిందో మరిచిపోకముందే రాసి పెడుతున్నాను. కొరియాలో చదువుకునే, ఉద్యోగాలు చేసే మనవాళ్లలో నాకు తెలిసినవాళ్లంతా జెజూలో కారు అద్దెకు తీసుకుని తిరిగొచ్చినవాళ్లే. సైకిలు మీద వెళ్తే ఎలా ఉంటుందని అడిగితే చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ దొరకలేదు.

నేను డేజాన్‌లో ఉంటున్నాను, వచ్చి మూడేళ్లయింది. 22వ తేదీ బుధవారం పొద్దున చొంగ్జు విమానాశ్రయం నుంచి బయల్దేరితే గంటా పది నిమిషాల్లో జెజూలో దిగాను. అక్కడి విమానాశ్రయానికి దగ్గర్లోనే, యొంగ్‌దుఆమ్ అనే నల్లరాళ్ల తీరం వైపు, సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. రోజుకు 15,000 వోన్లు. ఐదు రోజులకు 75,000 కట్టాను, అంటే మన డబ్బుల్లో సుమారు 4,600 రూపాయలు. దీవి చుట్టూ 234 కిలోమీటర్ల సైకిలు దారిని 2015లో పూర్తి చేశారు. రోడ్డు అంచున నీలం గీత కనిపిస్తూ ఉంటుంది, దాన్ని పట్టుకుని పోవడమే. పది చోట్ల పాతకాలపు టెలిఫోన్ బూత్‌లా ఎర్రటి గదులుంటాయి. ప్రతి దాంట్లో ఒక స్టాంపు ఉంటుంది, మన పుస్తకంలో మనమే వేసుకోవాలి. ఇక్కడ వాహనాలు కుడి పక్కన నడుస్తాయి కాబట్టి, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు వ్యతిరేకంగా వెళ్తే ఐదు రోజులూ సముద్రం మన కుడి చేతి వైపే ఉంటుంది. అడ్డంగా రోడ్డు లేకుండా నీళ్లు కనిపించాలంటే ఇదే మంచి దిక్కు.

మొదటి మూడు రాత్రులు గెస్ట్‌హౌస్‌ల్లో పడుకున్నాను, మంచానికి 25,000 వోన్లు. నాలుగో రాత్రి మాత్రం టెంట్ అని ముందే నిర్ణయించుకున్నాను. మా ల్యాబ్‌లో పనిచేసే తెలుగు అన్న ఒకరు తన టెంటు, స్లీపింగ్ బ్యాగు, చిన్న స్టవ్వు ఇచ్చారు. అంతకు ముందు నేను ఎప్పుడూ టెంట్‌లో పడుకోలేదు. మాది వేటపాలెం. సముద్రం సైకిలు మీద వెళ్లొచ్చేంత దూరమే. కార్తీక మాసంలో అందరం కలిసి వెళ్లేవాళ్లం, మునిగేవాళ్లం, తినేవాళ్లం. కానీ పొద్దు వాలుతుందనగానే "పదండి పదండి" అంటూ ఆడవాళ్లనీ పిల్లల్నీ ఆటో ఎక్కించేవారు. అన్నయ్యలు మాత్రం ఉండిపోయేవారు. సముద్రానికి అంత దగ్గర్లో పెరిగి కూడా రాత్రిపూట సముద్రం ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఈ టెంట్ కోరిక అప్పటిదే. అమ్మకి మాత్రం శనివారం సాయంత్రం దాకా చెప్పలేదు.

శనివారం పొద్దున ఐదున్నరకి లేచాను. అప్పటికి దీవి తూర్పు కొసన సొంగ్‌సాన్‌లో ఉన్నాను. అక్కడి సొంగ్‌సాన్ ఇల్చుల్బోంగ్ అంటే సూర్యోదయ శిఖరం. దాదాపు ఐదు వేల ఏళ్ల కిందట సముద్రంలో అగ్నిపర్వతం పేలినప్పుడు పుట్టిన గుట్ట ఇది, పైన పెద్ద గిన్నెలా ఉంటుంది. పైకి ఎక్కకుండా కింద గ్వాంగ్‌చిగి ఒడ్డున నిలబడ్డాను. ఆరూ నలభై దాటాక సూర్యుడు వచ్చాడు. పాటు సమయం కావడంతో నాచు పట్టిన రాతి పలకలు బయటపడి ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. అక్కడే గాలి నా టోపీని ఒకసారి ఎగరగొట్టింది. పొద్దున గాలి ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను.

ఎనిమిదింటికి ఎర్ర గదిలో ఎనిమిదో స్టాంపు వేయబోతే సిరా ఎండిపోయి ఉంది. నాలుగుసార్లు నొక్కినా అచ్చు పడలేదు. సీసాలోంచి రెండు చుక్కల నీళ్లు వేసి, వేలితో రుద్ది నొక్కితే లేత గులాబి రంగులో పడింది. వెళ్లేవాళ్లు చిన్న ఇంక్ ప్యాడ్ ఒకటి వెంట తీసుకెళ్లండి, స్టేషనరీ దుకాణంలో దొరుకుతుంది. తర్వాత కన్వీనియన్స్ స్టోర్‌కి వెళ్లి గ్యాస్ డబ్బా అడిగాను. విమానంలో గ్యాస్ తేనివ్వరు కాబట్టి ఇక్కడే కొనుక్కోవాలి. వాళ్ల దగ్గరున్నవి ఇళ్లలో వాడే పొడవాటి డబ్బాలు. నా స్టవ్వుకు మర తిప్పి బిగించే పొట్టి డబ్బా కావాలి. సరే, దారిలో దొరుకుతుందిలే అనుకుని కదిలాను. అప్పుడు టైం 8:10.

గాలి సంగతి ఇప్పుడు చెప్పాలి. రాత్రి ఫోన్‌లో వాతావరణం చూసినప్పుడు గాలి పక్కన 9 అని ఉంది. తొమ్మిది అంటే ఏముంది, తక్కువే అనుకున్నాను. అది గంటకు తొమ్మిది కిలోమీటర్లు కాదు, సెకనుకు తొమ్మిది మీటర్లు. కొరియాలో గాలి వేగం అలాగే చెప్తారు. 3.6తో గుణిస్తే గంటకు 32 కిలోమీటర్లు దాటుతుంది. పైగా వీచేది వాయవ్యం నుంచి. సొంగ్‌సాన్ నుంచి, టెంట్ వేయాలనుకున్న గిమ్‌న్యొంగ్ దాకా నా దారి మొదట వాయవ్యంగా, ఆ తర్వాత పడమటిగా పోతుంది. అంటే రోజంతా ముఖం మీదకే. ముందు రోజు 64 కిలోమీటర్లు అంత తేలిగ్గా అయిపోయాయంటే ఆ గాలే వెనక నుంచి నెట్టింది. అది నా కాళ్ల బలం అనుకున్నాను.

వంతెన దాటి ఓజో మీదుగా జొంగ్‌దాల్ తీరం రోడ్డెక్కేదాకా ఊళ్లూ, పొలాల చుట్టూ నల్లరాతి గోడలూ కాస్త కాపు కాశాయి. ఇక్కడి పొలాల గట్లన్నీ రాతి గోడలే. సున్నం, మట్టి ఏమీ పెట్టరు. రాళ్ల మధ్య సందులు వదిలేస్తారు, గాలి అందులోంచి దూరిపోతుంది కాబట్టి గోడ పడిపోదు. తీరం రోడ్డెక్కగానే ఆ కాపు పోయింది. కుడి పక్కన నీళ్ల అవతల ఊదో దీవి, పడుకున్న ఆవులా. ఒడ్డు పొడవునా తాళ్లు కట్టి, పిల్లల చొక్కాలు ఆరేసినట్టు కణవలు (స్క్విడ్‌లు) వేలాడదీశారు. అవన్నీ నా వైపే అడ్డంగా ఎగురుతున్నాయి. ఆ వాసన తగలగానే మా ఊరి దగ్గరి ఓడరేవు తీరం గుర్తొచ్చింది. ఇసుకలో నెత్తళ్లు ఎండబెడితే వచ్చే వాసన కాస్త వేరు, కానీ దీనికి దగ్గరిదే. గేరు బాగా తగ్గించి తొక్కుతున్నా గంటకు ఏడు, ఎనిమిది కిలోమీటర్లు మించి కదలడం లేదు. కిందికి దిగే చోట కూడా పెడల్ ఆపితే సైకిలు ఆగిపోతోంది.

పక్క నుంచి గాలి కొట్టినప్పుడల్లా వెనక చక్రం రోడ్డు మీదికి జరిగిపోతోంది. రెండుసార్లు కారు హారన్ కొట్టేసరికి గుండె జారినంత పనైంది. దిగి చూస్తే కారణం తెలిసింది. టెంటు మూటను క్యారియర్ మీద అడ్డంగా కట్టాను. అటూ ఇటూ జానెడు చొప్పున బయటికి వచ్చి, తెరచాపలా గాలిని పట్టేస్తోంది. మూడు రోజులు అలాగే తిరిగినా గాలి పక్క నుంచి ఇంతగా కొట్టక తెలియలేదు. ఒక గోడ చాటున కూర్చుని మొత్తం విప్పి, మూటను పొడవుగా, సీటు వెనక నిలువుగా కట్టుకున్నాను. దానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది, వేళ్లు మొద్దుబారిపోయాయి. ఆ తర్వాత సైకిలు తిన్నగా నడిచింది. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు ఆ భయం తప్పేది.

పది దాటాక హాదో చేరాను. హేన్యోలు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఇదొకటి. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రం అడుక్కి దిగి నత్తలు, శంఖాలు, నాచు ఏరుకొచ్చే ఆడవాళ్లు వీళ్లు. 2016లో యునెస్కో వీళ్ల సంప్రదాయాన్ని గుర్తించింది. రేవు దగ్గర గోడ నీడన ఒక పెద్దావిడ నారింజ రంగు బుడ్డిని ముందు పెట్టుకుని, దానికి వేలాడే వల సంచి చిరుగులు బాగుచేస్తోంది. ఆ బుడ్డిని తేవాక్ అంటారు. నీళ్ల మీద తేలుతుంది, మునిగి పైకొచ్చినప్పుడు దాన్ని పట్టుకునే ఊపిరి తీసుకుంటారు. నేను నీళ్లు తాగడానికి ఆగితే రమ్మని చెయ్యి ఊపింది. ఇక్కడ ముసలమ్మని హల్మాంగ్ అంటారు. నేనూ అలాగే పిలిచేసరికి ఆమె ముఖం విప్పారింది. ఆమె మాటల్లో సగం నాకు అర్థం కాలేదు, జెజూ యాస వేరు. అర్థమైనంతవరకు, ఈ రోజు గాలి కాబట్టి ఎవరూ దిగలేదు. ఆమెకి డెబ్బై ఆరు, వేళ్లతో చూపించింది. "హొంజా?" అని అడిగింది. ఒక్కదానివేనా అని. ఆ మాట నన్ను నాలుగు రోజుల్లో ఇరవై మంది అడిగి ఉంటారు. అవునన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, సముద్రం వైపు చూపించి, మేము ఒక్కరమే ఎప్పుడూ దిగం అంది. వెళ్లబోతుంటే రెండు పచ్చి కమలాలు చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే చేతి మీద చిన్న దెబ్బ వేసింది, మా అమ్మమ్మ వేసినట్టే.

ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. ఊరి చివర, జపాన్ వైపు నుంచి వచ్చే దోపిడీ ఓడలను ఆపడానికి 1510లో కట్టిన బ్యొల్‌బాంగ్‌జిన్ కోటగోడ ఉంది. దాని చాటున కూర్చుని కమలాలు తింటూ, రాత్రి టెంట్ మానేసి గది చూసుకోనా అని మొదటిసారి ఆలోచించాను.

సేహ్వా చేరేసరికి పదకొండున్నర. అక్కడ సంత 5, 10, 15, ఇలా ఐదుతో తెగే తేదీల్లో జరుగుతుంది, నేను వెళ్లింది 25 కావడం నా అదృష్టం. సముద్రం ఒడ్డునే రేకుల కప్పు కింద పెద్ద సంత. చేపలు, ముల్లంగి, ఎండు మిరపకాయలు, నాచు కట్టలు, పెద్దవాళ్లు వేసుకునే పూల ప్యాంట్లు. మిరపకాయల కుప్పల దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను. వేడి హొత్తొక్ రెండు తిన్నాను. మన బొబ్బట్టు లాంటిదే, లోపల పాకం. వంట సామాను అమ్మే కొట్లో గ్యాస్ అడిగితే మళ్లీ పొడవాటి డబ్బాయే. పక్కనే ఉన్న పెద్ద మార్టులోనూ అంతే. నాలుగు రోజులుగా మోస్తున్న స్టవ్వు ఇక పనికిరాదని అక్కడే తేలిపోయింది. విమానం దిగిన రోజే జెజూ నగరంలో క్యాంపింగ్ సామాన్ల దుకాణంలో కొనుక్కుని ఉండాల్సింది. దానికి బదులు మార్టులో రెండు ప్యాకెట్ల అన్నం కొన్నాను. కన్వీనియన్స్ స్టోర్ మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే వేడి అన్నం తయారవుతుంది. నా సంచిలో అమ్మ పంపిన కందిపొడి, చిన్న డబ్బాలో నెయ్యి ఉన్నాయి. ఇంకేం కావాలి.

సేహ్వా పక్కనే హేన్యో మ్యూజియం ఉంది. 1932లో జపాన్ పాలన కింద తమను దోచుకుంటున్నారని ఈ చుట్టుపక్కల ఊళ్ల హేన్యోలు తిరగబడ్డారు, దాని స్మారక స్తంభం కూడా అక్కడే. లోపలికి వెళ్లాలని ఎంతో అనుకున్నాను. కానీ ఒంటిగంట దాటింది, ఇంకా దారిలో సగం మిగిలి ఉంది, పొద్దు ఆరుకి ముందే వాలిపోతుంది. బయట నుంచే చూసి కదిలాను. ఈ ప్రయాణంలో నాకు మిగిలిన కొరత అదొక్కటే.

సేహ్వా తర్వాత దారి పడమటికి తిరుగుతుంది. ప్యొంగ్‌దే దగ్గర క్యారెట్ తోటల మధ్య కాసేపు బాగానే సాగింది, ఆ తర్వాత హేంగ్వొన్ వచ్చింది. 1990ల చివర్లోనే గాలిమరలు పెట్టిన ఊరది. గాలి ఎక్కువ ఉన్నచోటే కదా అవి పెడతారు. ఆ మరల కింద నుంచి పోతుంటే రెక్క తిరిగిన ప్రతిసారీ వూఁ అని శబ్దం, ఒంటి మీదుగా నీడ. అక్కడ నా వల్ల కాలేదు. పెడల్ మీద నిలబడి బరువంతా వేసినా చక్రం తిరగలేదు. దిగి నడిపించడం మొదలుపెట్టాను. నడిపిస్తుంటే కూడా హ్యాండిల్ పక్కకి లాగేస్తోంది. కళ్లల్లో ఉప్పు, ఇసుక. మోకాళ్లు వణుకుతున్నాయి. టైం చూస్తే 2:40, ఫోన్‌లో చార్జింగ్ 31 శాతం, ఇంకా ఏడు కిలోమీటర్లు. రోడ్డు పక్కన సిమెంటు గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకొచ్చాను ఇక్కడికి, ఎవరి కోసం ఇదంతా అనిపించింది. ఓ పది నిమిషాలు అలాగే ఉన్నాను. ఒక కారు ఆగి, లోపల ఉన్నామె కిటికీ దించి "గ్వెంచనయో?" అని అడిగింది, బాగానే ఉన్నావా అని. బాగానే ఉన్నానని చెప్పడానికి లేచి నిలబడాల్సి వచ్చింది. లేచాక మళ్లీ కూర్చోలేదు. రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూనే వెళ్లాను. నడిస్తే గంటకు నాలుగు కిలోమీటర్లు, తొక్కితే ఐదు. తేడా ఎంతో లేదు, మోకాళ్లకు మాత్రం విశ్రాంతి దొరికింది.

వొల్‌జొంగ్ ఊరంతా కాఫీ దుకాణాలే. నీళ్లు అంత లేత నీలంగా ఉంటాయని నేను అనుకోలేదు. అక్కడి ఇబ్బంది వేరు. నీలం గీత మీదే వరసగా అద్దె కార్లు ఆపేశారు. సైకిలు మీద వచ్చేవాళ్లు నడిరోడ్డు మీదికి పోవాల్సిందే. ఎగిరొచ్చిన ఇసుక రోడ్డు మీద మేటలు వేసింది. ఇసుకలో చక్రం దిగబడి ఒకసారి పక్కకి ఒరిగిపోయాను. మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. ఇసుక కనబడితే బ్రేక్ వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా తిన్నగా పోవాలి, లేదా దిగిపోవాలి. వొల్‌జొంగ్ చివర కన్వీనియన్స్ స్టోర్‌లో అన్నం ప్యాకెట్లు వేడి చేయించుకుని, తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

గిమ్‌న్యొంగ్ ఒడ్డున ఎర్ర గది కనిపించేసరికి 4:55. ఇక్కడి స్టాంపులో సిరా బాగానే ఉంది. క్యాంపింగ్ స్థలం ఇసుక తీరం పక్కనే, పచ్చిక మైదానం. ఒక రాత్రికి 20,000 వోన్లు కట్టాను, సుమారు 1,230 రూపాయలు. అప్పటికే పదిహేను టెంట్ల దాకా ఉన్నాయి. కుటుంబాలు, జంటలు. ఒంటరిగా వచ్చింది నేనొక్కదాన్నే అనిపించింది. ఎక్కడ వేయాలో తేల్చుకోవడానికి పది నిమిషాలు తిరిగాను. రాతి గోడ చాటున గాలి తగలదు, కానీ అక్కడ చీకటి. మరుగుదొడ్ల వైపు దీపం ఉంటుంది, కానీ గాలి నేరుగా కొడుతుంది. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తే ఈ లెక్క తప్పదు. చివరికి రెండింటికీ మధ్యలో, నడివయసు దాటిన ఒక జంట టెంట్‌కి ఇరవై అడుగుల దూరంలో చోటు ఎంచుకున్నాను.

ల్యాబ్‌లో రెండుసార్లు వేసి చూసుకున్న టెంట్, ఇక్కడ గాలిలో విప్పగానే గాలిపటమైంది. ఒక కొస తొక్కిపెడితే ఇంకో కొస లేస్తోంది. మేకులు పచ్చిక కింద ఇసుకలో దిగి, లాగగానే ఊడి వచ్చేస్తున్నాయి. పొద్దు వాలడానికి అరగంట ఉంది. పక్క టెంట్ పెద్దాయన నన్ను ఏమీ అడగకుండానే వచ్చి ఒక కొస మీద మోకాలు పెట్టి కూర్చున్నాడు. ఆయన భార్య సుత్తి తెచ్చింది. ముందు గాలి వచ్చే వైపు రెండు మేకులు కొట్టాలి, తలుపు గాలికి వెనక వైపు ఉండాలి, మేకును నిటారుగా కాకుండా టెంట్‌కి అవతలి వైపు వంచి కొట్టాలి. ఇవన్నీ ఆయన చేసి చూపించాడు. ఆ తర్వాత గోడ పక్క నుంచి నల్లరాళ్లు తెచ్చి ప్రతి మేకు మీదా ఒకటి పెట్టాం. పొద్దున మళ్లీ ఎక్కడివక్కడే పెట్టేయమని ఆమె చెప్పింది. జెజూ రాళ్లు దీవి దాటించకూడదని చట్టమే ఉంది. వాళ్లది బూసాన్. ఆమె కూడా అడిగింది, "హొంజా?" అవునన్నాను. రాత్రి ఏదైనా ఉంటే పిలువు, నాకు నిద్ర తక్కువ అంది.

ఇంకో సంగతి. తీరంలో స్నానాల గదులు వేసవిలో మాత్రమే తెరుస్తారు. అక్టోబర్‌లో తాళం. రోజంతా చెమట, ఉప్పు, ఇసుక, స్నానం లేకుండా పడుకోవడం నాకు అన్నిటికన్నా కష్టంగా తోచింది. మరుగుదొడ్డి మాత్రం చాలా శుభ్రంగా ఉంది. అక్కడి కుళాయి కింద ముఖం, కాళ్లు, మోచేతి గాయం కడుక్కుని, తడి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకున్నాను. నీళ్లు చల్లగా ఉన్నా ప్రాణం లేచి వచ్చింది. అన్నం అప్పటికి గోరువెచ్చగా ఉంది. కందిపొడి, నెయ్యి కలుపుకుని రెండు ప్యాకెట్లూ తినేశాను. పక్క టెంట్ పెద్దావిడ వేడి చేపల పులుసు గిన్నెడు పంపింది, నేను వాళ్లకి కొంచెం కందిపొడి ఇచ్చాను. ఘాటుకి ఆయనకి దగ్గొచ్చింది, అయినా ఇంకోసారి అడిగి వేయించుకున్నాడు. రోజు మొత్తానికి టెంట్ స్థలంతో కలిపి నాకు అయిన ఖర్చు 41,000 వోన్లు, సైకిలు అద్దె కాకుండా.

ఎనిమిదింటికి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం నాలుగున్నర. వీడియోలో చీకటి చూసి "ఎక్కడున్నావే" అంది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఒక్కదానివేనా?" పొద్దుట్నుంచీ కొరియన్‌లో విన్న మాటే తెలుగులో వినేసరికి గొంతు పట్టేసింది. పక్క టెంట్ వాళ్ల గురించి, రాళ్ల గురించి, పులుసు గురించి చెప్పాను. ఆమెను చూపించమంది. ఫోన్ పట్టుకుని వెళ్తే వాళ్లిద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే దణ్ణాలు పెట్టుకున్నారు. తర్వాత అమ్మ "సముద్రం చూపించు" అంది. ఒడ్డుకి వెళ్లి ఫోన్ తిప్పాను, అమ్మకి నలుపు తప్ప ఏమీ కనబడలేదు. "పోనీ వినిపించు" అంది. ఫోన్‌ని గాలికి చాటుగా, జాకెట్ లోపలి నుంచి నీళ్ల వైపు పట్టుకున్నాను. చాలాసేపు విని, "మన ఓడరేవు లాగే ఉందే" అంది. అని ఆగి, "నేను కూడా రాత్రిపూట ఎప్పుడూ వినలేదులే, అలాగే ఉంటుందనుకుంటున్నా" అంది.

ఫోన్ పెట్టేశాక అక్కడే నిలబడ్డాను. నేను చీకటి సముద్రం అంటే మొత్తం నలుపే అనుకునేదాన్ని. అలా లేదు. దూరంగా చేపల పడవలు వరసగా దీపాలు వెలిగించుకుని ఉన్నాయి. ఎంత వెలుగంటే, అవతల ఏదో ఊరుందేమో అనిపిస్తుంది. వాటి కింద నీళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. ఒడ్డు దగ్గర అల విరిగినప్పుడు తెల్లటి గీత ఒకటి పుట్టి, పక్కకి పరిగెత్తి ఆరిపోతోంది. చెవులు నొప్పెట్టేదాకా చూశాను.

నిద్ర మాత్రం సరిగా పట్టలేదు. టెంట్ గుడ్డ రాత్రంతా చప్పట్లు కొట్టినట్టు కొట్టుకుంది. పదకొండింటికి ఎవరో దగ్గరగా నడిచినట్టు అనిపించి ఊపిరి బిగబట్టాను. ఎవరో మరుగుదొడ్డికి వెళ్తున్నారు, అంతే. ఒంటిగంటకి ఒక తాడు ఊడి గుడ్డ ముఖం మీద పడింది. బయటికొచ్చి టార్చి నోట్లో పెట్టుకుని, రాయి తెచ్చి మళ్లీ బిగించాను. పక్క టెంట్‌లో దీపం వెలిగింది, జిప్పు కొంచెం తెరుచుకుంది. చెయ్యి ఊపాను. దీపం ఆరింది. ఆ తర్వాత మూడు గంటలు గట్టిగా నిద్రపోయాను. అక్టోబర్ చివర్లో వెళ్లేవాళ్లకి కింద వేసుకునే పరుపు ముఖ్యం. స్లీపింగ్ బ్యాగు ఎంత మందమైనా చలి నేల నుంచి వస్తుంది. నేను నా దగ్గరున్న బట్టలన్నీ నడుము కింద పరుచుకున్నాను. చెవుల్లో పెట్టుకోవడానికి దూది కూడా తీసుకెళ్లండి.

తెల్లవారుజామున మెలకువ వచ్చింది చప్పుడుకి కాదు, చప్పుడు ఆగిపోయినందుకు. గాలి పడిపోయింది. టెంట్ లోపలి గోడలన్నీ చెమట పట్టినట్టు తడి. అది మన ఊపిరి తేమే, తుడిచి మడవకపోతే బరువు పెరుగుతుంది. ఏడింటికల్లా అన్నీ సర్దేశాను. రాళ్లు ఒక్కొక్కటీ మోసుకెళ్లి గోడ దగ్గర పెడుతుంటే పెద్దావిడ కూడా వచ్చి రెండు పట్టుకుంది. మిగిలిన కందిపొడి సీసా ఆమెకే ఇచ్చేశాను.

7:20కి సైకిలెక్కాను. హమ్‌దొక్ దాకా తొమ్మిది కిలోమీటర్లు, ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది.